పాకం పోసే కోటలు

మస్కట్‌లో పదిహేనేళ్ళకి పైగా ఉంటున్నవాణ్ణి. నిజ్వా కోట ఎన్నిసార్లు ఎక్కానో లెక్క చెప్పలేను. ఇండియా నుంచి ఎవరొచ్చినా తప్పని మొక్కు అది. మొదటిరోజు గ్రాండ్ మాస్క్, మత్రా సూక్, పాత మస్కట్‌లో శివాలయం. రెండోరోజు నిజ్వా. వచ్చినవాళ్ళు బురుజు మీద నిలబడి "చాలా బావుందండీ" అంటారు. మనం కూడా ఏదో మనమే కట్టించినట్టు మొహం పెట్టి "మరే" అంటాం. తరవాత పులిహోర పొట్లాలు విప్పుతాం. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ కోట ఎలా పనిచేసేదో ఆలోచించలేదు. కోట పనిచెయ్యడమేమిటి, నిలబడి ఉండడం తప్ప, అంటారా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

నా కళ్ళు తెరిపించింది నఖల్ కోట. అంటే ఆ కోట కాదు, అక్కడ నేను చేసిన తెలివితక్కువ పని. మే నెలలో, ఆఫీసుకి ఏదో సెలవొచ్చిందని, పిల్లలిద్దరినీ మధ్యాహ్నం పన్నెండింటికి ఆ కోట ఎక్కించాను. నఖల్ కోటని కొండరాతి మీద, ఆ రాయి ఎలా ఉంటే అలా వంకరటింకరగా కట్టారు. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, జనవరిలో అయితే. మే నెల ఎండలో మూడో మెట్ల వరస దగ్గర మావాడికి ముక్కునుంచి రక్తం కారింది. మా ఆవిడ వాడి తలమీద నీళ్ళు పోస్తూ నావైపు చూసిన చూపు ఇక్కడ వర్ణించను. మా అమ్మాయి మాత్రం నీడపట్టున కూచుని తాపీగా ఒక ప్రశ్న వేసింది.

"ఇది మన హిస్టరీ కాదుగా నాన్నా. మనకెందుకు?"

"మరి మన హిస్టరీ ఏది?" అన్నాను చిరాగ్గా.

కాస్సేపు ఆలోచించి, "పరీక్షకి చదువుతామే, అదా?" అంది.

దారి పొడుగునా ఆ మాట నన్ను వదల్లేదు. అది పుట్టింది మస్కట్‌లో. ఇంకో మూడేళ్ళలో పన్నెండో తరగతి అయిపోతుంది, ఇంజనీరింగుకో మరోదానికో ఇండియా వెళ్ళిపోతుంది. ఇక్కడ మనం ఎన్నేళ్ళున్నా రెసిడెంటు కార్డు రెన్యూ చేయించుకునే వాళ్ళమే. ఈ దేశం దానిది కాదని అది చిన్నప్పుడే గ్రహించింది. పోనీ అక్కడిదైనా దానిదా అంటే, ఏడాదికో నెలరోజులు వెళ్తే అమ్మమ్మగారిల్లు, నాయనమ్మగారిల్లు, తిరుపతి, పళ్ళ డాక్టరు, బంగారం కొట్టు. వీటితోనే సెలవులు సరి. హైదరాబాదులో విమానం దిగడం ఎన్నిసార్లు జరిగినా గోల్కొండ ఒక్కసారీ చూపించలేదు. అంటే పద్నాలుగేళ్ళ పిల్లకి కళ్ళతో చూసిన చరిత్రంటూ ఏమైనా ఉంటే అది ఒమాన్‌దే. అదికూడా నేను చూపించిన విధానం ఇదీ!

సరే, తప్పు దిద్దుకుందామని ఆ ఎండాకాలమంతా రాత్రిళ్ళు కూచుని కాస్త చదివాను. నేను చరిత్రకారుణ్ణి కాను, చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు. అందుకేనేమో, ఏ ఇమాం తరవాత ఏ ఇమాం వచ్చాడన్న వంశావళికంటే, ఈ గోడ ఇంత మందం ఎందుకు, ఈ మెట్లు ఇలా ఎందుకు తిరిగాయి అన్నవే నాకు పట్టుబడ్డాయి. పిల్లలకి పట్టేవి కూడా అవేనని తరవాత తెలిసింది.

మొదలుపెట్టింది మాత్రం కథతో. చలికాలం మొదట్లో ఓ సోమవారం సాయంత్రం శివాలయానికి వెళ్ళాం. మస్కట్ తెలుగువాళ్ళకి ఆ గుడి తెలియంది కాదు. శివరాత్రికి అక్కడ వరసలో నుంచోనివాళ్ళు తక్కువ. కానీ గుడికి అంత దగ్గర్లో, పాత రేవుకి రెండువైపులా కొండరాళ్ళమీద కూచున్న రెండు కోటల్ని తలెత్తి చూసేవాళ్ళు తక్కువే. ఒకటి మిరానీ, రెండోది జలాలీ. 1507లో అల్బుకెర్క్ అనే పోర్చుగీసువాడు మస్కట్‌ని తగలబెట్టి స్వాధీనం చేసుకున్నాడు. ఆ తరవాత 1580ల్లో వాళ్ళు ఈ రెండు కోటల్నీ పటిష్ఠంగా కట్టుకున్నారు. సముద్రంమీదనుంచి ఓడ రావాలంటే రెండువైపులా ఫిరంగులు. వెనక నిట్టనిలువు నల్లకొండలు. ఇంక దాన్ని పట్టుకోవడం ఎవడి తరం?

1650లో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడన్నదానికి ఒమానీ చరిత్రకారుడు ఇబ్న్ రుజైక్ ఒక కథ రాశాడు. ఆ రోజుల్లో మస్కట్‌లో నరోత్తమ్ అనే హిందూ వర్తకుడు ఉండేవాడట. పోర్చుగీసు కోటకి సరుకులు సరఫరా చేసేది అతనే. అక్కడి పోర్చుగీసు సేనాని అతని కూతుర్ని ఇచ్చి పెళ్ళి చెయ్యమని పట్టుబట్టాడు. కాదంటే బతకనివ్వడు. నరోత్తమ్ సరేనన్నాడు, పెళ్ళి ఏర్పాట్లకి కొంత గడువు అడిగాడు. ఈలోగా, "దొరగారూ, కోటలో నీళ్ళు పాచిపట్టాయి, తొట్లు ఖాళీచేసి కొత్తవి నింపాలి. ధాన్యం పురుగుపట్టింది, మార్చాలి. మందుగుండు చెమ్మగిల్లింది, తిరిగి దంచి ఆరబెట్టాలి" అని నమ్మించాడు. అన్నీ ఖాళీచేయించాడు, తిరిగి నింపలేదు. ఇమాముకి కబురంపాడు. నీళ్ళూ తిండీ మందూ లేని కోట ఎన్ని ఫిరంగులుంటే ఏం లాభం?

ఇందులో చరిత్ర ఎంత, కథ ఎంత అన్నది పండితులు తేల్చుకోవలసిన సంగతి. 1650లో మస్కట్ పోర్చుగీసువాళ్ళ చేయి జారిందన్నది మాత్రం నికరం. గుడి మెట్లమీద ప్రసాదం తింటూ ఈ కథ చెప్తే మా అమ్మాయి తినడం ఆపేసింది. "ఆ అమ్మాయి పేరేంటి? తనకేమైంది?" అంది. నాకు కథలో తండ్రి తెలివితేటలు కనిపించాయి, దానికి కూతురు కనిపించింది. తరవాతి వారమే "నిజ్వా ఎప్పుడెళ్దాం?" అని అదే అడిగింది.

నిజ్వా మస్కట్‌కి సుమారు 160 కిలోమీటర్లు. సమాయిల్ దాటేటప్పుడు రోడ్డుకి రెండువైపులా కొండలు దగ్గరకొస్తాయి. సముద్రతీరానికీ లోపలి దేశానికీ మధ్య వందల ఏళ్ళుగా ఒంటెల బిడారులు నడిచిన కనుమ అదే. కోటలు ఎక్కడ పడితే అక్కడ ఎందుకున్నాయని అడిగేవాళ్ళకి ఆ దారే సమాధానం. కనుమ ఎవడి చేతిలో ఉంటే సరుకు వాడి చేతిలో, ఖర్జూరం తోట ఎక్కడుంటే కోట అక్కడ. శుక్రవారం తెల్లవారుజామునే బయల్దేరాం. ముందుగా మేకల సంతకి పోయాం. గుండ్రంగా నుంచున్న జనం మధ్యలోంచి మేకల్ని తాడుపట్టి తిప్పుతుంటే, కొనేవాడు ఆపి పళ్ళు చూసి, పొదుగు తడిమి బేరమాడతాడు. మావాడు ఒక నల్లమేకపిల్లని కొనమని గంటసేపు ప్రాణం తీశాడు. అపార్టుమెంట్లో మూడో అంతస్తు అని చెప్తే లిఫ్టుందిగా అన్నాడు.

ఇక కోట. బిన్ సైఫ్ మస్కట్ గెలిచాక ఈ గుండ్రటి మహాబురుజు మొదలుపెట్టాడు. కట్టడానికి పన్నెండేళ్ళు పట్టిందంటారు. అదే సమయంలో మన గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్‌షా రాజ్యం చేస్తున్నాడు. ఇవతల ఒమానీలు అంతటితో ఊరుకోలేదు, 1668లో గుజరాత్ తీరంలో పోర్చుగీసువాళ్ళకి పట్టైన దీవ్‌ని కూడా కొల్లగొట్టి వచ్చారు. సముద్రానికి ఈవలావల ఒకే కాలం అని పిల్లలకి చెప్పడానికి ఇది పనికొచ్చింది.

బురుజు ఎత్తు సుమారు 30 మీటర్లు, వెడల్పు అంతకన్నా ఎక్కువ. బయటినుంచి చూస్తే పెద్ద డోలు బోర్లించినట్టుంటుంది. "లోపల ఎన్ని అంతస్తులుంటాయో చెప్పండి" అన్నాను పిల్లలతో. మావాడు ఏడన్నాడు, అమ్మాయి నాలుగంది. అసలు సంగతేమిటంటే కింది సగంలో గదులే లేవు. మట్టీ రాళ్ళూ దట్టించి పూడ్చేశారు. ఎందుకంటే అంతకుముందు కాలపు కోటలు నిచ్చెనల్నీ బాణాల్నీ ఆపడానికి కట్టినవి. సన్నటి ఎత్తుగోడ చాలేది. ఫిరంగి వచ్చాక ఆ గోడలు పెంకుల్లా పగిలాయి. పూడ్చిన బురుజుకి ఆ బాధ లేదు. గుండు తగిలితే మట్టి మింగేస్తుంది. పైగా గోడ గుండ్రం కాబట్టి సూటిగా తగలాల్సిన గుండు పక్కకి జారిపోతుంది. ఇంకో సంగతి, మన ఫిరంగులు కూడా పైనే ఉండాలిగా! ఫిరంగి పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బకి బోలుగా ఉన్న మిద్దె అయితే అదిరి బీటలు వారుతుంది. గట్టి దిమ్మె అయితే కదలదు. చుట్టూతా 24 ఫిరంగి కన్నాలున్నాయి, ఏ దిక్కునుంచి వచ్చినా గురి తప్పకుండా.

కట్టిన సున్నం కూడా మామూలుది కాదు. ఒమాన్‌లో దాన్ని సరూజ్ అంటారు. బంకమట్టిని ఖర్జూరపు దుంగలతో కాల్చి, పొడిచేసి, సున్నంతో కలుపుతారు. నీళ్ళు తగిలినా కరగదు, అందుకే కాలవలకీ తొట్లకీ కూడా ఇదే వాడారు. మా తాతగారింట్లో గానుగ సున్నం గురించి విన్నది గుర్తొచ్చింది. ఇటుకపొడీ బెల్లమూ కరక్కాయా వేసి ఎద్దులచేత తొక్కించేవారట. ఎవరి ఊళ్ళో దొరికిన దానితో వాళ్ళు సిమెంటు చేసుకున్నారు.

బురుజు పైకి వెళ్ళడానికి దారి ఒక్కటే, ఇరుకు మెట్లు. అవీ తిన్నగా ఉండవు, నాలుగడుగులకో మలుపు. మలుపు మలుపుకీ దళసరి చెక్కతలుపు. మావాడు తన స్కూలుబ్యాగుతో పరిగెత్తబోయి గోడకి గుద్దుకున్నాడు. "అదీ సంగతి" అన్నాను. "పదిమంది దుంగ భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చి తలుపు బద్దలు కొట్టాలంటే పరిగెత్తడానికి చోటుండాలి. ఇక్కడ దుంగ తిప్పడానికే చోటు లేదు." మెట్లలో అక్కడక్కడా పలకలుంటాయి. అవి తీసేస్తే లోతైన గొయ్యి. పైనుంచి వెలుగు సన్నగా పడుతుంటుంది కాబట్టి ఎండలోంచి లోపలికి వచ్చినవాడికి గొయ్యి కనిపించేసరికి అందులో ఉంటాడు.

ఇక ప్రతి తలుపు ముందూ నెత్తిమీద ఒక కన్నం. పిల్లలు అన్నిటికంటే ఎక్కువసేపు నుంచుంది దీనికిందే. తలుపు తెరవలేక శత్రువులు గుమిగూడి ఉంటే పైనుంచి ఆ కన్నంలోంచి మరుగుతున్న ఖర్జూర పాకం పోసేవారు. ఇలాంటి ఏర్పాటు ఒక్క ఒమాన్‌లోనే అని కాదు. జపాన్‌లో హిమేజి కోటలో గోడలకి బయటికి పొడుచుకొచ్చిన గూళ్ళలోంచి రాళ్ళు జారవిడిచేవారు. మా తోడల్లుడు పిల్లల్తో వెళ్ళొచ్చి ఆ ఫొటోలు పంపాడు. యూరపు కోటల్లోనూ ఉన్నాయి. కానీ పాకం?

"వేణ్ణీళ్ళు పొయ్యొచ్చుగా? నూనె పొయ్యొచ్చుగా?" అన్నాడు మావాడు.

నేను మరుగు ఉష్ణోగ్రత గురించి ఉపన్యాసం మొదలుపెట్టేలోపు మా ఆవిడ అందుకుంది. "అరిసెల పాకం ఎప్పుడైనా చేతిమీద పడిందా నీకు? వేణ్ణీళ్ళు పడితే కారిపోతాయి, దులుపుకుంటావు. నూనె పడ్డా జారుతుంది. పాకం పడితే అంటుకుని ఊరుకుంటుంది, చర్మంతోసహా ఊడొస్తుంది. నా చెయ్యి చూడు" అని మోచేతి దగ్గర మచ్చ చూపించింది. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆ మచ్చ కథ నాకూ తెలియదు. ఏదో సంక్రాంతికి మా అత్తగారి వంటింట్లో జరిగిన యుద్ధమట. ఇంజనీరింగు డిగ్రీ ఆ పూటకి నోరుమూసుకుంది. చక్కెర కలిసిన ద్రవం నీటికన్నా ఎక్కువ వేడికి మరుగుతుంది, చిక్కగా ఉండడంవల్ల వేడి వదలదు, అన్నవి నేను తరవాత మెల్లిగా జోడించాను. ఎవరూ వినలేదు.

ఇంతకీ అంత పాకం ఎక్కణ్ణుంచి వస్తుంది? కోట లోపలే ఉంది కార్ఖానా. దాన్ని మద్బసా అంటారు. ఒక చీకటిగది, నేలంతా గట్లూ కాలవలూగా మడతలు పెట్టినట్టుంటుంది. ఖర్జూరాలు నింపిన తాటాకులాంటి ఈతాకు సంచుల్ని ఆ గట్లమీద ఒకదానిమీద ఒకటి కప్పుదాకా పేరుస్తారు. ఇక ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. గది వెచ్చదనానికి పండు మెత్తబడుతుంది, పై బరువుకి అడుగు సంచులు నలుగుతాయి, కారిన రసం కాలవల్లోంచి జారి ఒక మూల కుండలోకి చేరుతుంది. ఒక్క తిరగలి లేదు, ఒక్క మనిషి లేడు. మిగిలిన పిప్పి కూడా పారెయ్యరు, నిలవుండే తిండి. ముట్టడి ఆర్నెల్లు సాగినా లోపలివాళ్ళకి ఖర్జూరం అన్నం, పాకం ఆయుధం. బావులూ కోటలోపలే. నరోత్తమ్ కథ గుర్తుచేసుకుని మా అమ్మాయి చెప్పింది: "అందుకే వీళ్ళు తిండీ నీళ్ళూ బయటివాడికి కాంట్రాక్టు ఇవ్వలేదు." మా కంపెనీ మేనేజిమెంటు వినవలసిన మాట.

బురుజుమీద గాలి బాగా వేసింది. చుట్టూ ఎటుచూసినా ఖర్జూరపు తోటలు, వాటి అవతల బూడిదరంగు కొండలు. అక్కడ కాపలా ఉన్న ఒమానీ పెద్దాయన పిల్లలచేతిలో తలా నాలుగు ఖర్జూరాలు పెట్టి, హిందీలో "కహాఁ కే హో?" అన్నాడు. మావాడు "మస్కట్" అన్నాడు. ఆయన నవ్వి, నావైపు చూసి మళ్ళీ అదే అడిగాడు. "హైదరాబాద్" అన్నాను. నిజానికి మాది కృష్ణాజిల్లా, కానీ విదేశంలో ఎవడికి చెప్పినా హైదరాబాదే. "అచ్ఛా, హైదరాబాద్! మా అన్న అక్కడే గుండెకి వైద్యం చేయించుకున్నాడు" అని సంతోషపడి ఇంకో నాలుగు పెట్టాడు. మావాడు మాత్రం "నేను మస్కటేగా?" అని దిగేదాకా గొణుగుతూనే ఉన్నాడు. నా దగ్గర మంచి జవాబు లేక ఖర్జూరం తినమన్నాను.

ఆ తోటలకి నీళ్ళెలా వస్తాయన్నది చెప్పకపోతే సగం కథే చెప్పినట్టు. కోటలు కాపాడిందే ఆ నీళ్ళని. ఫలజ్ అంటారు, బహువచనం అఫ్లాజ్. కొండ అడుగున తల్లిబావి తవ్వి, అక్కణ్ణుంచి ఊరిదాకా భూమికిందనే సొరంగం. అది కిలోమీటర్ల తరబడి ఎంతో స్వల్పమైన వాలులో సాగుతుంది. వాలు ఎక్కువైతే నీళ్ళు సొరంగాన్ని కోసేస్తాయి, తక్కువైతే నిలిచిపోతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. ఒమాన్‌లో ఇప్పటికీ సుమారు 3,000 ఫలజ్‌లు పారుతున్నాయి. 2006లో ఐదింటిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నిజ్వాకి నీళ్ళిచ్చే ఫలజ్ దారిస్ వాటిలో ఒకటి. ఒడ్డునే పార్కు ఉంది. పిల్లలు కాళ్ళు పెట్టుకుని కూచుంటే చిన్నచిన్న చేపలొచ్చి వేళ్ళు కొరుకుతాయి.

నాకు ముచ్చటేసింది పంపకం. నీళ్ళని కొలిచేది బిందెల్తో కాదు, కాలంతో. ఒక వంతు సుమారు అరగంట, దాన్ని అథర్ అంటారు. పగలు నిలువుగుంజ నీడనిబట్టి, రాత్రి ఫలానా చుక్క ఫలానా కొండమీద పొడిచినదాన్నిబట్టి ఒకరి మడవ కట్టి ఇంకొకరిది తెరుస్తారు. చూసేవాణ్ణి అరీఫ్ అంటారు. మన ఊళ్ళల్లో చెరువుకింద నీరుకట్టువాడు ఉండేవాడే, అతనే! మా నాన్నకి ఫోన్లో ఈ సంగతి చెప్తే, కోటల గురించి చెప్పినంతసేపూ ఊఁ కొట్టిన మనిషి, దీనికి లేచి కూచుని మా చెరువుకింద వంతుల తగాదా కథ అరగంటసేపు చెప్పాడు. సరిగ్గా ఒక అథర్.

ఆ మర్నాడు జబ్రీన్. నిజ్వానుంచి గంటలోపు ప్రయాణం. నన్నడిగితే పిల్లల్తో ఒక్క కోటే చూడగలిగితే జబ్రీనే చూడమంటాను. నిజ్వా సైనికుడిలా ఉంటే ఇది పండితుడి ఇల్లులా ఉంటుంది. బిన్ సైఫ్ కొడుకు బిలారబ్ 1670ల ప్రాంతంలో కట్టించాడు. కోట అనడంకన్నా మేడ అనాలి. కప్పుల నిండా రంగుల లతలు, అక్షరాలు. పైన బడి ఉండేది, ధర్మశాస్త్రంతోపాటు వైద్యమూ చెప్పేవారు. ఇమాం తనకిష్టమైన గుర్రాన్ని కూడా మేడమీదనే, పడకగది పక్కన కట్టేసుకునేవాడట. మేకని లిఫ్టులో తీసుకెళ్దామన్న మావాడు నావైపు విజయగర్వంతో చూశాడు.

సూర్యచంద్రుల గది అని ఒకటుంది. పద్నాలుగు కిటికీలు, ఏడు నేలకి దగ్గర, ఏడు కప్పుకి దగ్గర. చల్లగాలి కిందనుంచి వస్తుంది, వేడెక్కిన గాలి తేలికై పైకిటికీల్లోంచి పోతుంది. పోయిన చోటుని నింపడానికి మళ్ళీ కిందనుంచి చల్లగాలి. మండువా లోగిలిలో మధ్యాహ్నం పడుకున్నవాళ్ళకి ఈ సూత్రం వేరే చెప్పక్కర్లేదు. ఏసీ ఆగితే గోల పెట్టే మా పిల్లలు ఆ గదిలో నేలమీద వెల్లకిలా పడుకుని కప్పుమీది పువ్వులు లెక్కపెట్టారు. ఇంకో గదిలో ఇమాం అతిథుల్ని కలిసేవాడు. దాని నేలలో పలకలకింద రహస్యపు అరలున్నాయి. వాటిల్లో సైనికులు నక్కి ఉండేవారు. అతిథి నమ్మదగినవాడు కాడనిపిస్తే సైగ చాలు. మావాడు అందులోకి దిగబోతే పట్టుకుని లాగాను.

ఇంత జాగ్రత్తపరుడికీ ఆపద అతిథుల్నుంచి రాలేదు. సొంత తమ్ముడు సైఫ్ తిరగబడ్డాడు. అన్న ఈ కోటలోనే ముట్టడిలో చిక్కుకుని 1692 ప్రాంతంలో ఇక్కడే చనిపోయాడు. సమాధి మేడ కిందనే ఉంది. ఇరుకుగా, చీకటిగా ఉంటుంది. ఆ తమ్ముడే తరవాత ఇమామై, రెండున్నరేళ్ళకి పైగా సాగిన ముట్టడి తరవాత 1698లో మొంబాసాలో పోర్చుగీసు కోట గెలిచాడు. చరిత్ర అతణ్ణి గొప్పవాడంది. సమాధి దగ్గర పిల్లలిద్దరూ ఎందుకో మాట్లాడలేదు. కార్లో మాత్రం, ముందు సీటు ఎవరిదన్న తగాదా ఆ రోజు రాలేదు. మళ్ళీ వారం షరామామూలే లెండి.

దారిలో బహ్లా కోట. ఒమాన్‌లో మొట్టమొదట, 1987లో, యునెస్కో జాబితాకెక్కింది ఇదే. మట్టి ఇటుకల కోట, ఏటా వానకి కొంత కరిగి కూలేది. అందుకని మరుసటేడే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టారు, బాగుచేశాక 2004లో తీసేశారు. ఊరి చుట్టూ ఉన్న గోడ సుమారు 12 కిలోమీటర్లు. అదంతా ఒక్క రాత్రిలో లేచిందని, బహ్లా జిన్నుల ఊరని ఒమానీలు చెప్పుకుంటారు. పొద్దువాలాక ఈ మాట చెప్పానని మా ఆవిడ కోప్పడింది. ఆ కోట ఎక్కే ఓపిక అప్పటికి ఎవరికీ లేదు, పెద్ద కోట, నీడ తక్కువ. విడిగా ఒక పూట పెట్టుకోవాలి.

పిల్లల్తో వెళ్ళేవాళ్ళకి నా అనుభవంతో చెప్పగలిగింది కొంచెమే. నవంబరునుంచి మార్చిలోపు వెళ్ళండి. ఒకరోజుకి ఒకటే కోట, మహా అయితే ఒకటిన్నర. జారని చెప్పులు వెయ్యండి, మెట్లు ఎత్తుగా అరిగిపోయి ఉంటాయి, పైన చాలాచోట్ల పిట్టగోడలు చిన్నపిల్లల ఎత్తుకి సరిపోవు, చెయ్యి వదలకండి. లోపలికి వెళ్ళగానే బోర్డులు చదివించకండి. "నువ్వు శత్రువువి. ఎలా లోపలికొస్తావు?" అని అడిగి వదిలెయ్యండి. మావాడు నిజ్వాలో మూడుసార్లు చచ్చిపోయి నాలుగోసారి మేకలసంతలో మేకలమధ్య దాక్కుని వస్తానన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ వేసవి సెలవుల్లో బంగారం కొట్టు మానేసి గోల్కొండ వెళ్ళాం. గేటు దగ్గర ఒక గైడుని మాట్లాడుకున్నాం. ఆయన కమానుకింద చప్పట్లు కొట్టించాడు, తలుపులకున్న ఇనపముళ్ళు ఏనుగుల్ని ఆపడానికని చెప్పాడు. మావాడు పెద్ద తలుపులో ఉన్న దిడ్డిలోంచి వంగి దూరి, తలెత్తి పైకి వెతికాడు. "పాకం కన్నం ఏది?" అన్నాడు. గైడుకి అర్థంకాలేదు. చెప్పించుకుని నవ్వి, "ఇక్కడ మరిగిన నూనె బాబూ" అన్నాడు. "నూనె జారిపోతుంది" అని మావాడు జాలిగా తల ఊపాడు.

పైకెక్కాక ఆయన 1687 కథ చెప్పాడు. ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా గోడ కూలలేదని, చివరికి లోపలివాడొకడు లంచం తిని రాత్రిపూట తలుపు తీశాడని. మా అమ్మాయి కాస్సేపు ఊరుకుని, "మస్కట్‌లో కూడా లోపలివాడే అంకుల్, కానీ అతను మంచిపని చేశాడు" అంది. ఆయన ఏమిటన్నాడు. అప్పుడు అది బారాదరి మెట్టుమీద కూచుని, నరోత్తమ్ కథ మొత్తం, పాచినీళ్ళూ పురుగుపట్టిన ధాన్యంతో సహా, తన తెలుగులో చెప్పింది. కొన్ని మాటలకి నావైపు చూసింది, అందించాను. కూతురు ఏమైందన్న చోట మాత్రం తనే సొంతంగా ఒక ముగింపు కల్పించింది. ఆ అమ్మాయి తండ్రి దుకాణంలోనే కూచుని లెక్కలు రాసేదట.

గైడు శ్రద్ధగా విని, "ఇంకోసారి చెప్పమ్మా, పేర్లు రాసుకుంటా. ఆస్పత్రి పనిమీద వచ్చే ఒమాన్‌వాళ్ళు ఇక్కడికీ వస్తుంటారు, వాళ్ళకి చెప్తాను" అని జేబులోంచి పెన్ను తీశాడు.